ఆ పాటలో జీవం లేదన్నాము

ఈ నెల మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

మా సంఘం సముద్రానికి దగ్గరగా, వరిచేల నడుమ ఉన్న చిన్న సంఘం. అరవై కుటుంబాలకు మించి లేవు. చాలాకాలం మా ఆరాధనకు ఒక హార్మోనియం పెట్టె, ఒక డోలక్, రెండు జతల తాళాలు ఉండేవి. కొన్నేళ్ల క్రితం యౌవనస్థులు కోతల రోజుల్లో చందాలు వేసుకొని కీబోర్డు కొన్నారు. మరుసటి ఏడు ప్యాడ్లు వచ్చాయి. పాటకు ఊపు వచ్చింది. వెనుక గోడకు ఆనుకొని కూర్చునే కుర్రవాళ్లు ముందుకు వచ్చి నిలబడసాగారు. మేము ఎంతో సంతోషించాము.

ఒక ఆదివారం, ప్రభు బల్లకు సిద్ధపడే వేళ కరెంటు పోయింది. కీబోర్డు మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో స్త్రీల వైపునుండి ఒక పెద్దావిడ పాత కీర్తన ఎత్తుకున్నారు. ఊరంతా ఆమెను మామ్మగారు అంటారు. ఆమె పాడే తీరు బహు నెమ్మది. ఒక్కొక్క మాటను చేటలో బియ్యం చెరిగినట్లు అటూ ఇటూ తిప్పి గాని వదలరు. రెండు చరణాలు అయ్యేసరికి కరెంటు వచ్చింది. మేము బల్ల దగ్గర నిలబడి, నవ్వుతూనే అన్నాము: “ఇక చాలు మామ్మగారూ. ఈ సాగదీత పాటల్లో జీవం లేదు. బాబూ, మంచి ఊపున్న పాట అందుకో.” కొందరు నవ్వారు. మామ్మగారు కొంగు సర్దుకొని కూర్చున్నారు.

ఆ తరువాత నాలుగు నెలలు ఆమె ఒక్క ఆదివారం మానకుండా వచ్చారు. కానుక వేశారు, బల్లలో పాలుపొందారు. నోరు విప్పి పాడలేదు. మేము గమనించనైనా లేదు. “ఆవిడ పాడడం మానేసి ఎన్నాళ్లయిందో చూశారా?” అని ఒక రాత్రి అడిగినది మా భార్య.

ఆ రాత్రి మేము అన్న మాటను తిరగేసి చూసుకున్నాము. పాట నెమ్మదిగా ఉన్నదన్నాము. అది నిజమే, గడియారం పెట్టి చూసుకోవచ్చు. జీవం లేదన్నాము. దాన్ని ఏ గడియారంతో కొలిచాము? పప్పులో ఉప్పు తక్కువైందంటే ఇంటిల్లిపాదీ రుచి చూసి ఔనంటారు. ఈ కూర నాకు సయించదు అంటే అది కూర సంగతి కాదు, నా నాలుక సంగతి. మేము మా నాలుక సంగతి చెప్పవలసినచోట కూర మీద తీర్పు చెప్పాము. అదీ బల్ల దగ్గర నిలబడి, దేవుని తీర్పు అన్నట్లు చెప్పాము.

ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం చివరి వచనాలను మనం మందిర శంకుస్థాపనలప్పుడు చదువుతాము, అక్కడితో వదిలేస్తాము. చెరనుండి తిరిగి వచ్చినవారు మందిరపు పునాది వేశారు. యాజకులు బూరలు ఊదారు, ఆసాపు వంశపు లేవీయులు తాళాలు పట్టుకొని నిలిచారు. అందరి చెవులకూ అందినది ఒకే పాట. మొదటి మందిరాన్ని చూచిన ముసలివారు బిగ్గరగా ఏడ్చారు. మిగిలినవారు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది సంతోషమో దూరంగా ఉన్నవారు పోల్చుకోలేకపోయారు. బబులోనువారు పాత మందిరాన్ని కాల్చివేసి అప్పటికి సుమారు 50 సంవత్సరాలు. అరవై దాటినవానికి ఆ మందిరం కళ్లలో ఉన్నది. ఇరవై ఏళ్లవానికి అది తాత చెప్పిన కథ. పాటలో తేడా లేదు, విన్నవాని వెనుక ఉన్న 50 సంవత్సరాలలో తేడా ఉన్నది. ఆ ముసలివారిని ఎవరూ గద్దించినట్లు వ్రాయబడలేదు. (నెహెమ్యా 8లో ఏడవవద్దన్నారు గదా అని మా సండేస్కూలు టీచరు ఒకరు అడిగారు. అది ధర్మశాస్త్రం చదివి వినిపించిన దినం, సందర్భం వేరు.)

ఇద్దరు మనుష్యులదాకా ఎందుకు? ఒక్క మనిషిలోనే ఈ తేడా కనబడుతుంది. దావీదు సితారా వాయిస్తే సౌలు సేదతీరాడని 1 సమూయేలు 16లో చదువుతాము. రెండు అధ్యాయాలు దాటి 18కి రండి. అదే సితారా, అదే చెయ్యి, వినేది అదే సౌలు. ఈసారి ఈటె విసిరాడు. మధ్యలో మారినది వాద్యం కాదు. స్త్రీలు తంబురలతో ఎదురువచ్చి పాడిన పాట మధ్యలో పడింది. ఆ పాట ఊరందరికీ పండుగ, సౌలు ఒక్కనికే ముల్లు. లూకా 15లో పెద్దకుమారుడు పొలంనుండి వస్తూ విన్న వాద్యాల సంగతీ ఇంతే. లోపల ఉన్నవారికి అది తప్పిపోయినవాడు దొరికిన ధ్వని, గుమ్మం బయట నిలిచినవానికి తనను లెక్కచేయని ధ్వని.

ఇవి మనకు తెలిసిన సంగతులే. మాకు ఈమధ్యనే తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి.

క్రిస్మస్‌కు మనం ‘దూత పాట పాడుడి’ పాడతాము. ఆ రాగం వినబడగానే మీకు ఏమి కనబడుతుంది? మాకైతే డిసెంబరు చలి, రంగుకాగితపు నక్షత్రం, తెల్లవారుజామున లాంతరుతో వీధి వీధి తిరిగిన క్యారల్స్, ఎవరింట్లోనో ఇచ్చిన వేడి టీ. అంతకంటె క్రిస్మస్ రాగం మరొకటి లేదనుకునేవారము. ఇంగ్లీషు మూలాన్ని చార్లెస్ వెస్లీ 1739లో ప్రకటించాడు. రాగం ఆయనది కాదు. అది జర్మను స్వరకర్త మెండెల్సన్ కట్టినది, అదీ క్రిస్మస్ కోసం కాదు. గూటెన్‌బర్గ్ అచ్చు విద్య కనిపెట్టిన 400వ సంవత్సరపు పండుగను 1840లో లైప్‌జిగ్ నగరంలో చేసినప్పుడు, ఆరుబయట పురుషులు ఇత్తడి బూరలతో పాడడానికి కట్టిన రాగమది. తరువాత 1843లో లండనులోని ప్రచురణకర్తకు వ్రాస్తూ ఆయన ఏమన్నాడో తెలుసునా? దీనికి వేరే మాటలు చూడవచ్చును గాని భక్తి మాటలు మాత్రం ఎన్నటికీ పనికిరావు, ఇది సిపాయిల నడకవంటి ఉల్లాసపు రాగం, దేశానికి సంబంధించిన సంగతేదైనా వెదకండి అని. కట్టినవాడే ఆ మాట అన్నాడు. 1847లో ఆయన చనిపోయాడు. 1855లో కమ్మింగ్స్ అనే ఆంగ్లేయుడు వెస్లీ మాటలను ఆ రాగానికి జతపరిచాడు. ఇప్పుడు భూమిమీద క్రిస్మస్ జరిగే ప్రతిచోటా ఆ రాగంలో జనులు దేవదూతలను వింటున్నారు. రాగంలో సిపాయిలు ఉన్నారా, దూతలు ఉన్నారా? అందులో ఉన్నవి స్వరాలు. దూతలను తెచ్చినది మన చిన్ననాటి డిసెంబరులు.

ఇంకొక వింత. ఈ మెండెల్సనే ‘మాటలు లేని పాటలు’ అని పియానో రచనలు చేశాడు. ఏ రచనకు ఏమి అర్థమో అడుగుతూ ఒకాయన ఉత్తరం వ్రాస్తే 1842లో జవాబిచ్చాడు. సంగీతం అస్పష్టమని, మాట స్పష్టమని జనులు అనుకుంటారు, నాకు అది తలక్రిందులుగా తోస్తుంది, ఒకే మాట ఇద్దరికి ఒకే అర్థం ఇవ్వదు, పాట మాత్రమే ఇద్దరిలో ఒకే భావాన్ని లేపగలదు అని దాని సారాంశం. మొదటి సగం మేము ఒప్పుకుంటాము. పాట మనలో చేసేపని అస్పష్టమైనది కాదు, దానికి సరిపోయే మాట మన దగ్గర లేదు. రెండవ సగానికి మాత్రం ఆయన రాగమే సాక్ష్యం ఇవ్వడం లేదు.

మన కీర్తనల సంగతికి వద్దాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌధరిగారి వంటివారు ఈ దేశపు రాగాలలోనే క్రీస్తును పాడారు. అదే పుస్తకంలో మిషనరీలతో వచ్చిన ఇంగ్లీషు రాగాల పాటలూ ఉన్నాయి. మా ఊరి పెద్దలకు ఏది ఏ దేశపుదో పట్టింపు లేదు. నాయనమ్మ పాడినది మనది, అంతే. ఈ రాగానికి ఈ భావం అని సంగీతం తెలిసినవారు లెక్క చెబుతారు. ముఖారిని ఏడుపు రాగమనడం వాడుక. అయితే శబరి భాగ్యాన్ని చూచి ఆశ్చర్యపడుతూ త్యాగరాజు కట్టిన కృతి కూడా ముఖారిలోనే ఉన్నది. ఏడుపు అనే చీటీ రాగం మీద మనం అంటించినది. చాలాసార్లు సరిపోతుంది, ఒక్కొక్కసారి ఊడివస్తుంది.

అయితే ఎవరి ఇష్టం వారిదేనా, పాటల విషయంలో తప్పొప్పులే లేవా అని మా సంఘ పెద్ద ఒకరు నిలదీశారు. అట్లు కాదు. శ్రుతి తప్పితే తప్పినట్లే. తాళం దాటితే దాటినట్లే. పాటలోని మాటలు లేఖనానికి విరోధమైతే ఎంత మధురమైన రాగమైనా వాటిని రక్షించలేదు. వీటిని పదిమంది కూర్చొని పరీక్షించవచ్చు, పరీక్షించాలి కూడా. భావంలో సైతం అందరికీ కొంత ఉమ్మడి ఉన్నది. ఆఫ్రికాలోని కామెరూన్ కొండల్లో ఉండే మాఫా జనులలో పాశ్చాత్య సంగీతం ఎన్నడూ విననివారికి దాన్ని వినిపిస్తే, ఇది సంతోషం, ఇది దుఃఖం, ఇది భయం అని ఊహకు మించి సరిగా పోల్చుకున్నారని 2009లో పరిశోధకులు ప్రకటించారు. బొలీవియా అడవుల్లోని సిమానే జనుల విషయం వేరు. పాశ్చాత్యుల చెవికి ఇంపైన స్వరాల కలయికనూ, కర్ణకఠోరమైన కలయికనూ వినిపిస్తే, వారు రెంటినీ సమానంగా ఇష్టపడ్డారని 2016లో తేలింది. పుట్టుకతో వచ్చేది కొంత, మన వీధిలో మన ఇంట్లో అలవడేది చాలా. ఆ ‘చాలా’ గురించే సంఘాలు చీలుతున్నాయి.

చీలడం ఈనాటిది కాదు. మిలాన్ పట్టణంలో 387లో బాప్తిస్మం పొందిన అగస్టీను అక్కడి సంఘపు పాటలకు కన్నీళ్లు పెట్టుకున్న మనిషి. తరువాత తన ‘ఒప్పుకోలు’ గ్రంథంలో, పాడే సంగతికంటె పాడే గొంతుకే ఎక్కువ కరిగిపోతున్నానేమో అని భయపడ్డాడు. సంఘంలో రాగాలే లేకపోతే మేలేమో అనిపించిన దినాలున్నాయని వ్రాశాడు. మళ్లీ తన పాత కన్నీళ్లు గుర్తుచేసుకొని, పాట ఉండనివ్వండి అన్నాడు. ఒక్క హృదయంలోనే రెండు పక్షాలు. సంస్కరణ కాలంలో లూథరు వేదాంతం తరువాతి స్థానం సంగీతానికే ఇచ్చి, తానే పాటలు కట్టాడు. అదే కాలంలో జూరిక్ పట్టణపు జ్వింగ్లీ అనేక వాద్యాలు వాయించగలిగినవాడై ఉండీ ఆరాధనలోనుండి సంగీతాన్ని తీసివేశాడు. 1527లో అక్కడి పెద్ద దేవాలయపు ఆర్గాను విప్పివేయబడింది. చెవి లేక తీసివేశాడనడానికి వీలులేదు. పాట తనను ఎంత దూరం లాక్కుపోగలదో ఎరిగినవాడు గనుకనే భయపడి ఉంటాడని మా ఊహ.

మా సంఘంలో ఒక సహోదరుడున్నాడు. కానుకల లెక్క పైసాతో సహా ఆయనే చూస్తాడు. వర్షం వచ్చినా వరద వచ్చినా గుడి తలుపు తీసేది ఆయనే. ఆయన పాడడు. పాట జరిగేటప్పుడు చేతులు కట్టుకొని కిటికీలోనుండి చూస్తుంటాడు. ఆయనకు ఆత్మానుభవం లేదని ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకుడొకాయన వేదికమీదనే అన్నారు. మేమూ లోపల అట్లే అనుకునేవారము. ఒకసారి నెమ్మదిగా అడిగితే ఆయన చెప్పాడు: “చిన్నప్పటినుంచీ అంతేనండి అయ్యగారూ. పాట నాకు బస్సు చప్పుడులాగే వినబడుతుంది. మీరంతా కళ్లు మూసుకుంటారు, నాకేమో అర్థం కాదు. వాక్యం చదివితే మాత్రం గుండెలో పడుతుంది.” ఇట్టివారు నిజంగా ఉన్నారని, చెవి బాగుండి, ఇతర సంతోషాలన్నీ అనుభవించగలిగి, సంగీతంలో మాత్రం ఏ సుఖమూ ఎరుగనివారిని పరీక్షించి చూశామని స్పెయిన్ దేశపు పరిశోధకులు 2014లో ప్రకటించారు. ఎన్ని సంవత్సరాలు ఆ సహోదరుని ఆత్మీయతను చప్పట్లతో కొలిచామో తలచుకుంటే సిగ్గు వేస్తున్నది.

కీబోర్డు వాయించే కుర్రవాణ్ణి కూడా అడిగాము, నీకు ఆ పాటల్లో ఏమి దొరుకుతుంది బాబూ అని. “ఏమో అయ్యగారూ, ఎలా చెప్పాలో తెలియదు. ఆ బీటు పడగానే ఒళ్లు తేలికవుతుంది” అన్నాడు. అంతటితో ఆగిపోతాడనుకున్నాము. కొంతసేపటికి వాడే మళ్లీ చెప్పాడు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాదు హాస్టలు గదిలో ఒక్కడూ చిక్కుకుపోయాడు. తోటివాళ్లంతా ముందే ఇళ్లకు చేరారు. ఒక్కటే పాట, ఫోనులో, రాత్రీ పగలూ. “అది మంచి పాటో కాదో నాకు తెలియదండి. ఆ రోజుల్లో గదిలో నాతో ఉన్నది అదొక్కటే” అన్నాడు. మా పెద్దలు కొందరు ఆ పాటనే సినిమా పాటలా ఉన్నదని ఎగతాళి చేశారు. వాడు ఆ మాట మాతో అనలేదు, మాకే గుర్తువచ్చింది.

అటు తరువాత గాని మామ్మగారి ఇంటికి వెళ్లే ధైర్యం రాలేదు. మేమూ మా భార్యా సాయంత్రం వెళ్లాము. ఆమె అరుగుమీద కూర్చొని చింతపండు గింజ తీస్తున్నారు. క్షమించమని అడిగాము. “అయ్యో, అదేంటి అయ్యగారూ, మీరు తెలియక అన్నారు” అంటూ లేవబోయారు. ఆ పాటంటే మీకెందుకంత ఇష్టమో చెప్పమని బతిమాలాము. చాలాసేపు గింజలు తీస్తూనే ఉన్నారు.

“మా ఆయన గుళ్లో తాళాలు వేసేవారు” అన్నారు చివరికి. “ఎప్పుడూ అర దెబ్బ వెనక పడేవారు. పాస్టరుగారు కసిరేవారు, అందరూ నవ్వేవారు, ఆయనకు మాత్రం వచ్చేది కాదు. ఆయన కోసమే పాటంతా నిదానంగా పాడేవాళ్లు. అట్టా పాడితేనే ఆయన తాళానికి చోటుండేది.” 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో ఆయన పోయారు. అప్పటికి పెళ్లయి మూడేళ్లు. శవం దొరకలేదు. ఫోటో ఉన్న పెట్టె కూడా నీళ్లలోనే పోయింది. “పాట మంచిదో చెడ్డదో నాకేం తెలుసు అయ్యగారూ. నిదానంగా పాడితే ఆ అర దెబ్బ వినబడుతుంది. బిరబిరా పాడితే ఆయనకు చోటు లేదు.”

మా భార్య కళ్లు తుడుచుకుంటూ చింతపండు అందుకొని తానూ గింజ తీయసాగింది. మాకు మాట రాలేదు. జీవం లేదన్నాము గదా, ఆ సాగదీతలోనే ఒక మనిషి 1977నుండి బ్రతికి ఉన్నాడు.

ఈ సంగతి ఆమె అనుమతితో కీబోర్డు కుర్రవానికి చెప్పాము. వాడేమీ మాట్లాడలేదు. ఆ శనివారం కూటానికి ముందు కీబోర్డు చంకన పెట్టుకొని ఆమె అరుగు దగ్గరికి వెళ్లాడట. మేము దారిన పోతూ విన్నాము. ప్యాడ్ల తాళం ఆపివేసి, ఒట్టి శ్రుతి పట్టుకొని కూర్చున్నాడు. మామ్మగారు పల్లవి ఎత్తుకున్నారు. ఇంట్లోనుండి తెచ్చిన పాత తాళాల జత ఒకటి వాని ఒళ్లో ఉన్నది.

“మామ్మా, ఇక్కడ వెయ్యమంటావా?” అన్నాడు.

“ఆగు,” అన్నారామె. “ఇంకా ఆగు. ఆ, ఇప్పుడు.”